‘నీకిష్టమేనా?’: కర్ట్ ఫ్లడ్ జీవితం అడిగిన ప్రశ్న

(మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారిని పేరు పెట్టి పిలవడం ఆయన దగ్గర ఆట నేర్చుకున్న మనలో ఎవరికీ అలవాటు లేదు. ఆహ్వాన పత్రిక మీద ఆయన పూర్తి పేరు చూసి, ఎవరబ్బా ఈయన అని ఒక్క క్షణం ఆగాను. అందుకని ఈ ఉపన్యాసం పొడుగునా ‘మాస్టారు’ అనే అంటాను. మన్నించండి.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. సాయంత్రం వేళ. మాస్టారు గొంతుక్కూర్చుని, డబ్బాలోంచి సున్నం పొడి వేళ్ళ సందున వదులుతూ వాలీబాల్ కోర్టుకి గీతలు వేస్తున్నారు. నేను పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాను. తల ఎత్తకుండానే అన్నారు: “ఒరేయ్, రేపట్నుంచి నిన్ను ముందు వరస నుంచి వెనక్కి తెద్దామనుకుంటున్నాను. నీకిష్టమేనా?” నాకేం చెప్పాలో తోచలేదు. ఆ వయసు దాకా నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఏ బడిలో చేరాలో, ఏ చొక్కా తొడుక్కోవాలో అంతా పెద్దవాళ్ళే చూసుకునేవారు. నా తికమక చూసి మాస్టారు, “ఇప్పుడే చెప్పక్కర్లేదు. రాత్రికి ఆలోచించుకుని పొద్దున చెప్పు” అని మళ్ళీ గీత గియ్యడంలో పడ్డారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి ఇష్టమేనండీ అన్నాను. వెనక వరసలో నేనేం గొప్పగా ఆడలేదు. కానీ ఆ ప్రశ్న నాతో ఉండిపోయింది. అదే ప్రశ్నను ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా తీసుకెళ్ళి, అందుకోసం తన ఆటనే పోగొట్టుకున్న ఒక మనిషి గురించి చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అతని పేరు కర్ట్ ఫ్లడ్. అమెరికాలో బేస్‌బాల్ ఆడాడు. మాస్టారి పేరిట జరిగే సభలో అతని గురించే మాట్లాడాలని అప్పుడే అనుకున్నాను.

కుప్పలోంచి తీసిన బట్టలు

ఫ్లడ్ 1938 జనవరి 18న టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కి వలస వెళ్ళింది. నల్లజాతి శ్రామికులు ఉండే పేట. అక్కడ జార్జ్ పౌల్స్ అని ఒక కోచ్ ఉండేవాడు. తెల్లవాడు. పేట పిల్లల్ని చేరదీసి, తన ఇంట్లో తిండి పెట్టి, ఆట నేర్పేవాడు. తర్వాత మహా ఆటగాళ్ళయిన ఫ్రాంక్ రాబిన్సన్, వేడా పిన్సన్, ఫ్లడ్ ముగ్గురూ ఆయన చేతి కింద పెరిగినవాళ్ళే. ఒక పేటలో ఒక మంచి మాస్టారు ఉంటే ఏం జరుగుతుందో ఈ హాల్లో ఉన్నవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

1956లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, సిన్సినాటి జట్టు అతన్ని ఏడాదికి 4,000 డాలర్ల జీతానికి తీసుకుంది. శిక్షణకి ఫ్లోరిడా వెళ్ళాడు. జట్టు బస చేసిన పెద్ద హోటల్లోకి ఉత్సాహంగా అడుగుపెట్టాడు. పక్క గుమ్మంలోంచి బయటికి నడిపించి, టాక్సీ ఎక్కించి, ఊరికి ఆ చివర నల్లవాళ్ళు ఉండే బసకి పంపేశారు.

తర్వాత రెండేళ్ళు దక్షిణాది రాష్ట్రాల చిన్న లీగుల్లో ఆడాడు. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతిని ఫ్లడ్ చివరిదాకా మరిచిపోలేదు. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఉన్నాయి. మొదటిది అయ్యాక ఆటగాళ్ళందరూ చెమటతో తడిసిన యూనిఫాంలు విప్పి నేల మీద కుప్పగా పడేశారు. ఉతికి, ఆరబెట్టి తెస్తే రెండో మ్యాచ్‌కి వేసుకోవాలి. ఫ్లడ్ కూడా తన బట్టలు ఆ కుప్పలోనే వేశాడు. డ్రెస్సింగ్ రూమ్ చూసుకునే మనిషి కేకలు పెడుతూ వచ్చాడు. చివర మేకు ఉన్న పొడవాటి కర్రతో ఫ్లడ్ బట్టలు ఒక్కొక్కటే గుచ్చి, చెయ్యి తగలకుండా పైకెత్తి పక్కన పడేశాడు. అవి వేరే చోటికి, నల్లవాళ్ళ బట్టలు ఉతికే చోటికి వెళ్ళాలి. తోటివాళ్ళ బట్టలు వచ్చాయి, వాళ్ళు తొడుక్కుని మైదానంలోకి వెళ్ళారు. ఒంటి మీద నూలుపోగు లేకుండా ఆ కుర్రవాడు ఒక్కడే గదిలో కూర్చుని, తన బట్టలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూశాడు.

టీకొట్టులో రెండు రకాల గ్లాసులు చూసిన ఊళ్ళ వాళ్ళం మనం. చెయ్యి తగలకుండా ఎత్తే ఆ కర్ర ఏమిటో మనకి ఎవరూ అనువదించి చెప్పనవసరం లేదు. తర్వాత ఫ్లడ్ చేసిన పనులన్నిటినీ ఆ గదిలో కూర్చున్న కుర్రవాణ్ని మనసులో పెట్టుకునే చూడాలని నా మనవి.

అడగకుండా మార్చడం

1957 డిసెంబరులో ఫ్లడ్ వెనిజులాలో శీతాకాలపు లీగు ఆడుతున్నాడు. టెలిగ్రాం వచ్చింది: నిన్ను సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకి మార్చాం అని. అంతే. ఇంకెప్పుడూ తనకి ఇలా జరగనివ్వకూడదని పందొమ్మిదేళ్ళ ఫ్లడ్ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

అదృష్టం బాగుండి సెయింట్ లూయిస్ అతనికి అచ్చొచ్చింది. సెంటర్‌ఫీల్డర్ అంటే మైదానం చివర, నట్టనడుమ నిలబడి, గాల్లోకి లేచిన బంతుల వెనక పరుగెత్తి పట్టేవాడు. క్రికెట్‌లో లాంగాన్ నుంచి లాంగాఫ్ దాకా ఒక్కడే కాపలా కాస్తున్నట్టు ఊహించుకోండి. 1963 నుంచి 1969 దాకా వరసగా ఏడేళ్ళు, ఆ స్థానంలో శ్రేష్ఠులకిచ్చే గోల్డ్ గ్లవ్ ఫ్లడ్‌కే వచ్చింది. 1966లో సీజన్ మొత్తం ఒక్క తప్పు చెయ్యలేదు. వరసగా 226 మ్యాచ్‌లు పొరపాటు లేకుండా ఆడాడు. బ్యాటుతోనూ ఆరు సీజన్లలో .300కి పైగా సగటు సాధించాడు. కార్డినల్స్ 1964లోను, 1967లోను వరల్డ్ సిరీస్ గెలిచారు. 1968 ఆగస్టులో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక అతని బొమ్మ ముఖచిత్రంగా వేసి, బేస్‌బాల్‌లో అందరికన్నా మంచి సెంటర్‌ఫీల్డర్ ఇతనే అని రాసింది.

అదే ఏడాది అక్టోబరులో, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, డెట్రాయిట్ ఆటగాడు జిమ్ నార్త్‌రప్ కొట్టిన బంతిని ఫ్లడ్ అంచనా వెయ్యలేకపోయాడు. ముందు ఒక అడుగు లోపలికి వేశాడు, వెనక్కి తిరగబోతే కాలు జారింది. బంతి తల మీదుగా వెళ్ళిపోయింది. కప్పు చేజారింది. వందల మ్యాచ్‌లు తప్పు లేకుండా ఆడినవాడికి ఆ ఒక్క అడుగు మచ్చగా మిగిలింది.

మరుసటి ఏడాది వసంతంలో జట్టు యజమాని, బీరు వ్యాపారి ఆగస్ట్ బుష్ ఆటగాళ్ళందరినీ కూర్చోబెట్టి, విలేకరుల సమక్షంలో క్లాసు పీకాడు. డబ్బు గురించి మరీ ఎక్కువగా ఆలోచిస్తున్నారని, అభిమానుల పట్ల విశ్వాసం లేదని. అందరూ తల వంచుకుని విన్నారు. అది ఫ్లడ్‌కి అవమానంగా తోచింది. ఆ అక్టోబరులో ఒకనాటి తెల్లవారుజామున ఇంట్లో ఫోన్ మోగింది. జట్టు ఆఫీసులో ఓ ఉద్యోగి మాట్లాడి, నిన్ను ఫిలడెల్ఫియాకి మార్చాం అన్నాడు. పన్నెండేళ్ళ అనుబంధం ఆ ఒక్క ఫోన్ కాల్‌తో ముగిసింది. నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు.

కట్టుబానిస ఒప్పందం

వృత్తి ఆటగాడు జట్టు మారడంలో వింతేముంది అని మీరనుకోవచ్చు. వింత అంతా ఒప్పందంలో ఉంది. 1879లో జట్ల యజమానులు తలా అయిదుగురు ఆటగాళ్ళని తమకే ప్రత్యేకించుకుంటామని తమలో తాము ఒప్పుకున్నారు. మెల్లగా అది ఆటగాళ్ళందరికీ పాకింది. దాన్ని రిజర్వ్ క్లాజ్ అనేవారు. ఒప్పందం ముగిసినా, దాన్ని మరో ఏడాది పొడిగించే హక్కు జట్టుకి ఉంటుంది. ఆ పొడిగించిన ఒప్పందంలోనూ అదే షరతు ఉంటుంది కాబట్టి, ఆ పొడిగింపుకి అంతం లేదని యజమానుల వాదన. జట్టు అతన్ని అమ్మొచ్చు, మార్చొచ్చు, పంపెయ్యొచ్చు. అతను మాత్రం ఇంకో జట్టు తలుపు తట్టకూడదు. ఇష్టం లేకపోతే ఆట మానెయ్యడం ఒక్కటే దారి.

మన వైపు పాలేరు ఏడాదికి ఇంతని కుదిరేవాడు. బాకీ లేకపోతే ఏడాది తిరిగాక ఇంకో మోతుబరి దగ్గరికి వెళ్ళే వీలుండేది. బాకీ ఉంటే ఆ గుమ్మంలోనే పడి ఉండాలి. బేస్‌బాల్ ఆటగాడిది ఎన్నటికీ తీరని బాకీ.

దీన్ని చట్టం ఎందుకు ఒప్పుకుంది? 1922లో అమెరికా సుప్రీంకోర్టు, బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారం కాదు కాబట్టి గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని తీర్పు చెప్పింది. 1953లో అదే తీర్పుని నిలబెట్టింది. ఆ తర్వాత బాక్సింగ్‌కీ, ఫుట్‌బాల్‌కీ మాత్రం ఆ చట్టం వర్తిస్తుందని చెప్పింది. మినహాయింపు బేస్‌బాల్ ఒక్కదానికే మిగిలింది.

ఫ్లడ్ అప్పుడు ఏడాదికి 90,000 డాలర్లు తీసుకుంటున్నాడు. ఫిలడెల్ఫియా లక్ష దాకా ఇస్తామంది. అది చాలా పెద్ద మొత్తం. ఆ రోజుల్లో మేజర్ లీగు ఆటగాడి సగటు జీతం పాతికవేల చుట్టుపక్కల ఉండేది. ఒప్పుకుని వెళ్ళి ఉంటే ఇంకో నాలుగైదేళ్ళు హాయిగా ఆడుకునేవాడు. అందుకే అతను ఎదురు తిరిగినప్పుడు జనం దాదాపు ఒకే మాట అన్నారు. మన తెలుగులో చెప్పాలంటే, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడని. అంత జీతం తీసుకునేవాడికి బానిసనని చెప్పుకోవడానికి నోరెలా వచ్చిందని టీవీలో అడిగితే, జీతం ఎంత పెద్దదైనా బానిస బానిసేనని ఫ్లడ్ జవాబిచ్చాడు.

ఈ సామెత గురించి ఒక్క మాట చెప్పాలి. తిన్నిల్లు ఎవరిది? ఆ ఇంటికి వాసాలు మోసినవాడు ఎవడు? మైదానం చివర నిలబడి ఏడేళ్ళు వరసగా గోల్డ్ గ్లవ్ తెచ్చినవాడు ఆ ఇల్లు కట్టినవాళ్ళలో ఒకడు కాదా? పనిచేసే మనిషిని కృతజ్ఞత పేరు చెప్పి నోరు మూయించడం మనకీ బాగా తెలిసిన విద్యే. ఉప్పు తిన్నావు కదా అంటాం. ఆ ఉప్పుకి అతను చెమట రూపంలో ఎప్పుడో బదులు తీర్చేశాడన్న సంగతి లెక్కలోకి రాదు.

ఒంటరి వాది

ఆటగాళ్ళ సంఘానికి అప్పుడు మార్విన్ మిల్లర్ నాయకుడు. ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసి వచ్చినవాడు. కోర్టుకెళ్తానని ఫ్లడ్ వచ్చి చెప్పినప్పుడు మిల్లర్ అతన్ని ఎగదొయ్యలేదు. గెలిచే అవకాశం దాదాపు లేదన్నాడు. గెలిచినా నీ ఆట అయిపోతుంది, రేపు కోచ్ ఉద్యోగం కూడా ఎవరూ ఇవ్వరు అన్నాడు. ఫ్లడ్ అంతా విని, దీనివల్ల మిగతా ఆటగాళ్ళకి మేలు జరుగుతుందా అని అడిగాడు. వాళ్ళకీ, తర్వాత వచ్చేవాళ్ళకీ జరుగుతుందని మిల్లర్ చెప్పాడు. నాకది చాలు అన్నాడు ఫ్లడ్. సంఘం ప్రతినిధులు ప్యూర్టోరికోలో సమావేశమై, అతన్ని ప్రశ్నలతో గుచ్చి గుచ్చి పరీక్షించి, చివరికి ఏకగ్రీవంగా అండగా నిలుస్తామన్నారు.

1969 డిసెంబరు 24న ఫ్లడ్ బేస్‌బాల్ కమిషనర్ బౌయీ క్యూన్‌కి ఉత్తరం రాశాడు. చాలా మర్యాదగా రాసిన చిన్న ఉత్తరం అది. మేజర్ లీగుల్లో పన్నెండేళ్ళు ఆడిన తర్వాత, ఇష్టాయిష్టాలతో పని లేకుండా కొని అమ్మే సరుకునని నేననుకోవడం లేదు, మిగతా జట్ల అవకాశాలు కూడా పరిశీలించుకునే హక్కు నాకుంది, ఆ సంగతి జట్లన్నిటికీ తెలియజేయండి అన్నది దాని సారాంశం. మనిషి సరుకు కాదని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఈ విషయంలో అదెలా వర్తిస్తుందో తెలియడం లేదని కమిషనర్ జవాబు రాశాడు. 1970 జనవరిలో ఫ్లడ్ దావా వేశాడు.

విచారణ న్యూయార్క్‌లో జరిగింది. ఆ కోర్టు హాలుని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను. అప్పుడు ఆడుతున్న ఆటగాళ్ళలో ఒక్కడు కూడా వచ్చి ఫ్లడ్ వెనక బెంచీ మీద కూర్చోలేదు. సాక్ష్యం చెప్పడం అటుంచి, ఊరికే వచ్చి కూర్చోవడానికే అందరూ జంకారు. వచ్చినవాళ్ళు ఆట మానేసిన పెద్దలు. అందులో జాకీ రాబిన్సన్ ఒకడు. 1947లో మేజర్ లీగుల్లో వర్ణ వివక్ష గోడ బద్దలుకొట్టిన మనిషి. 1962లో మిసిసిపీలోని జాక్సన్‌లో జరిగిన పౌరహక్కుల సభకి కుర్రవాడైన ఫ్లడ్‌ని వెంటబెట్టుకెళ్ళినవాడు. మధుమేహంతో చూపు మందగించి, జుట్టు ముగ్గుబుట్టయి, కర్ర ఊతంగా నడుస్తూ వచ్చి ఫ్లడ్ పక్షాన మాట్లాడాడు. ఆ తర్వాత రెండేళ్ళకే చనిపోయాడు. ఒక తరం మొయ్యగలిగినంత మోసి, మిగతా బరువు తర్వాతి తరం భుజానికి ఎత్తడం అంటే నాకు ఆ దృశ్యమే గుర్తుకొస్తుంది.

కింది కోర్టు కాదంది. అప్పీలు కోర్టు కాదంది. 1972 జూన్ 19న సుప్రీంకోర్టు 5–3 తేడాతో ఫ్లడ్‌కి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్‌మన్ మొదట బేస్‌బాల్ చరిత్రని కొనియాడుతూ పాత ఆటగాళ్ళ పేర్లు ఎనభైకి పైగా వరస పెట్టాడు. బేస్‌బాల్‌కి ఉన్న మినహాయింపు అసంగతమేనని ఒప్పుకున్నాడు. కానీ దాన్ని సరిచెయ్యాల్సింది చట్టసభ అన్నాడు. అసమ్మతి తెలిపిన ముగ్గురిలో, ఆ కోర్టులో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ ఉన్నాడు.

మిగిలిన జీవితం

దావా నడుస్తుండగా ఫ్లడ్ 1970 సీజన్ మొత్తం ఆడలేదు. 1971లో వాషింగ్టన్ జట్టు పిలిస్తే వెళ్ళాడు. కాళ్ళలో చురుకు పోయింది. మనసు కుదుటపడలేదు. 13 మ్యాచ్‌ల్లో ఏడు హిట్లు మాత్రమే కొట్టాడు. ఏప్రిల్ నెల దాటకుండానే ఒక టెలిగ్రాం ఇచ్చి విమానం ఎక్కేశాడు. అతనికి అప్పటికి 33 ఏళ్ళు. స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిలో ఒక బారు నడిపాడు. తాగుడికి బానిసయ్యాడు. చేతిలో డబ్బు మిగల్లేదు. కొన్నేళ్ళకి ఓక్లండ్ తిరిగొచ్చి, ఒక సీజన్ రేడియోలో వ్యాఖ్యానం చెప్పాడు, పిల్లల బేస్‌బాల్ లీగు బాగోగులు చూశాడు. మేజర్ లీగు జట్లేవీ అతనికి స్థిరమైన కొలువు ఇవ్వలేదు. మిల్లర్ హెచ్చరించినట్టే జరిగింది.

ఈ భాగాన్ని నేను దాటవెయ్యదలచుకోలేదు. మనం త్యాగం చేసినవాళ్ళకి శాలువాలు కప్పుతాం, విగ్రహాలు పెడతాం. ఆ మనిషి రాత్రిళ్ళు ఎలా గడిపాడో అడగం. ఫ్లడ్ దేవుడేమీ కాడు. భయపడ్డాడు, పారిపోయాడు, తాగాడు. న్యాయం కోసం నిలబడ్డ మనిషి ఆ తర్వాత కూడా నిబ్బరంగానే ఉండాలని ఎదురుచూసే హక్కు, అతని పక్కన బెంచీ మీద కూర్చోని మనకి లేదు.

కానీ కథ కోర్టులో ఆగలేదు. ఫ్లడ్ కేసు వల్ల రిజర్వ్ క్లాజ్ అంటే ఏమిటో సామాన్య జనానికి మొదటిసారి అర్థమైంది. అదే కాలంలో సంఘం, ఆటగాళ్ళ తగాదాలని తటస్థ మధ్యవర్తి తేల్చాలన్న షరతు సాధించింది. 1975 డిసెంబరు 23న ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్, ఒప్పందం పొడిగింపు ఒక్క ఏడాదికే, ఆ తర్వాత ఆటగాడు స్వతంత్రుడు అని తేల్చాడు. దాదాపు వందేళ్ళ కట్టు తెగిపోయింది. ఇవాళ మేజర్ లీగు ఆటగాడి సగటు జీతం ఏడాదికి 40 లక్షల డాలర్లు దాటింది. అందులో ఫ్లడ్‌కి ఒక్క డాలరు కూడా రాలేదు.

1994లో ఆటగాళ్ళ సమ్మె జరిగినప్పుడు ఫ్లడ్ వాళ్ళ సమావేశానికి వెళ్ళాడు. కొత్త తరం ఆటగాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1970లో ఖాళీగా ఉన్న బెంచీలకి అది పాతికేళ్ళ తర్వాత వచ్చిన జవాబు. గొంతు క్యాన్సర్‌తో 1997 జనవరి 20న, 59 ఏళ్ళకి లాస్ ఏంజిలెస్‌లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ అతని పేరిట చట్టం చేసి, మేజర్ లీగు ఆటగాళ్ళకి గుత్తాధిపత్య నిరోధక చట్టం రక్షణ కల్పించింది. సుప్రీంకోర్టు చట్టసభకి వదిలేసిన పని పూర్తి కావడానికి 26 ఏళ్ళు పట్టింది.

మన సంగతి

2008 నుంచి మన దగ్గర క్రికెటర్లని ఏటా వేలం వేస్తున్నారు. ఫలానావాణ్ణి ఇన్ని కోట్లకి కొన్నారు, ఫలానావాడు అమ్ముడుపోలేదు అని చిన్నపిల్లలు కూడా మాట్లాడుకుంటున్నారు. ఆ వేలానికి ఆటగాళ్ళే పేరు ఇచ్చుకుంటారు, మంచి డబ్బూ వస్తుంది. ఫ్లడ్ కాలపు కట్టుకీ దీనికీ పోలిక లేదు. అయినా ఆ క్రియాపదాలు నన్ను కలవరపెడతాయి. కొన్నారు, అమ్మారు, వదిలించుకున్నారు. పశువుల సంతలో వాడే మాటలు మనిషికి వాడడం అలవాటైతే, ఆ మనిషికి ఇష్టాయిష్టాలుంటాయన్న ఊహే మనకి మెల్లగా జారిపోతుంది. పిల్లల ముందు ఈ మాటలు వాడేటప్పుడు ఒక్కసారి ఆగమని ఉపాధ్యాయులకీ, పత్రికల వాళ్ళకీ నా విన్నపం.

చివరిగా ఒక చిన్న నిబంధన గురించి చెప్పి ముగిస్తాను. ఫ్లడ్ సుప్రీంకోర్టులో ఓడిన మరుసటి ఏడాది, 1973లో, యజమానులు సంఘంతో ఒక షరతుకి ఒప్పుకున్నారు. మేజర్ లీగుల్లో పదేళ్ళు ఆడి, అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ని, అతను ఒప్పుకుంటే తప్ప వేరే జట్టుకి మార్చకూడదు. దాన్ని కర్ట్ ఫ్లడ్ నిబంధన అని కూడా అంటారు. లెక్క చూడండి. 1969 అక్టోబరునాటికి సెయింట్ లూయిస్‌లోనే ఫ్లడ్ పన్నెండు సీజన్లు ఆడాడు. ఆ నిబంధన నాలుగేళ్ళు ముందు వచ్చి ఉంటే, తెల్లవారుజామున మోగిన ఆ ఫోన్‌లో ఆఫీసు ఉద్యోగి ఇంకో రకంగా మాట్లాడాల్సి వచ్చేది. నిన్ను ఫిలడెల్ఫియాకి పంపుదామనుకుంటున్నాం, నీకిష్టమేనా అని అడగాల్సి వచ్చేది.

ఒక దేశం ఆ రెండు మాటలు నేర్చుకోవడానికి ఒక మనిషి ఆట, ఆరోగ్యం, మనశ్శాంతి ఖర్చయ్యాయి. మన మాస్టారు వాటిని ఏ చట్టమూ చెప్పకుండానే, సున్నం పొడి అంటిన చేతులతో, తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి అడిగారు. జవాబు కోసం రాత్రంతా గడువు కూడా ఇచ్చారు.